నెత్తురు గుట్టు వెతికిన భీమవరం బిడ్డ

పసిపిల్ల బొద్దుగా, తెల్లగా ఉంటే మనకెంతో ముచ్చట. దిష్టి తగులుతుందని బుగ్గన చుక్క పెడతాం. పూటకో గ్లాసు గేదెపాలు పట్టించి, ఒళ్ళు చేస్తోందని మురిసిపోతాం. కానీ ఆ తెలుపు అన్నిసార్లూ ఒంటిరంగు కాదు. కింది కనురెప్పని వేలితో కొంచెం లాగి చూస్తే, ఎర్రగా ఉండాల్సిన చోట కొందరు పిల్లలకి పాలిపోయి ఉంటుంది. అరచెయ్యీ అంతే. ఆ పిల్ల ఆటలో త్వరగా అలిసిపోతుంది, ఊరికే చిరాకు పడుతుంది, అన్నం ముద్ద చూస్తే మొహం తిప్పేసుకుంటుంది, మట్టి కనిపిస్తే మాత్రం నోట్లో పెట్టుకుంటుంది. మనమేమో అన్నం తినడం లేదని ఇంకో గ్లాసు పాలు పడతాం.

కృష్ణా డెల్టాలో పాలకి కరువు లేదు. మా కూచిపూడిలోనూ, చుట్టుపక్కల ఊళ్ళలోనూ గుమ్మపాలు తాగిన బిడ్డకి లోటేమిటన్న ధీమా తరతరాలుగా ఉన్నదే. పాడి ఇంత ఉన్న చోట పసివాళ్ళకి రక్తం తక్కువంటే ఎవరికైనా వింతగానే ఉంటుంది. అసలు తిరకాసు ఆ పాలలోనే ఉంది.

ఏ తిండిలో ఏది లోపిస్తే నెత్తురు తగ్గుతుందన్న ప్రశ్నతో ఏళ్ళ తరబడి కుస్తీ పట్టిన మనిషి ఒకాయన మనకి దగ్గర్లోనే పుట్టారు. మా ఊరి నుంచి పామర్రు, గుడివాడ, కైకలూరు దాటుకుంటూ వెళ్తే వచ్చే భీమవరం ఆయన పుట్టిన ఊరు. యల్లాప్రగడ సుబ్బారావుగారు. పేరు విననివాళ్ళు తక్కువ. పెద్ద సైంటిస్టు, అమెరికా వెళ్ళాడు, మందులు కనిపెట్టాడు అని చెప్పుకుంటాం. ఆయన చేసిన పని మన ఉగ్గుగిన్నెకి ఎంత దగ్గరిదో మాత్రం అంతగా చెప్పుకోం.

వెంకమ్మగారి పట్టుదల

1895 జనవరి 12న పుట్టారాయన. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. సుబ్బారావుకి చిన్నప్పుడు చదువు మీద మనసే లేదు. పదమూడేళ్ళ వయసులో కాశీ వెళ్ళి, యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని ఇంట్లోంచి పారిపోయాడు. వెంకమ్మగారు వెనక్కి రప్పించి మళ్ళీ బళ్ళో కూర్చోబెట్టింది. మెట్రిక్ ఒకసారి తప్పాడు, రెండోసారీ తప్పాడు. ఈలోగా తండ్రి పోయాడు. ఆవిడ నగలమ్మి మద్రాసు పంపింది. అక్కడి హిందూ హైస్కూలు నుంచి మూడోసారి గట్టెక్కాడు.

ఇంటర్మీడియట్ ప్రెసిడెన్సీ కాలేజీలో. ఆ రోజుల్లోనే రామకృష్ణ మిషన్ వైపు మనసు లాగింది, సన్యాసం పుచ్చుకుంటానన్నాడు. తల్లి ససేమిరా అంది. మగబిడ్డ మీద ఆశలన్నీ పెట్టుకుని ఒంటి మీద బంగారం అమ్ముకున్న తల్లి మరేమంటుంది? చివరికి డాక్టరై కూడా సేవ చెయ్యొచ్చన్న రాజీ మీద మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు.

ఆ ఇంటిని దెబ్బ తీసిన జబ్బు పేరు ట్రాపికల్ స్ప్రూ. మన పెద్దలు గ్రహణి అనే లెక్కలో కట్టేవారు. తిన్నది తిన్నట్టే నీళ్ళ విరేచనాలై పోతుంది. పేగు లోపలి పొర దెబ్బతిని, తిండిలో సారం ఒంటికి పట్టదు. నోరు పూస్తుంది, నాలుక ఎర్రగా నున్నగా అయిపోతుంది, నెత్తురు పల్చబడి మనిషి పాలిపోతాడు. సుబ్బారావుగారి అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఇద్దరూ ఆ జబ్బుతోనే, ఎనిమిది రోజుల తేడాలో పోయారు. నేను కథలో ఇలా రాస్తే మరీ అతికించినట్టుందంటారు. నిజంగా జరిగింది. ఇంట్లో ఒక డాక్టరు తయారవుతున్నాడు, అతని చేతిలో ఆ జబ్బుకి మందు లేదు. అసలు ఎవరి చేతిలోనూ లేదు.

కొన్నాళ్ళకి అదే జబ్బు ఆయనకీ వచ్చింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. ఇంగ్లీషు వైద్యం చదువుతూ ఆయుర్వేదంతో బతికి బయటపడ్డ మనిషికి, ఆ మందులో ఏముంది, ఒంట్లో ఏ లోటు పూడింది అన్న కుతూహలం పుట్టిందంటే పుట్టదా మరి!

కాలేజీలో ఇంకో చిక్కు వచ్చింది. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. ఆపరేషన్ థియేటర్లో కూడా ఖద్దరు బట్టలే. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. బదులు అంతకంటే చిన్నదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికొచ్చింది. సర్కారు వైద్యంలో మంచి ఉద్యోగానికి దారి మూసుకుపోయింది. లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే అనాటమీ చెప్పడానికి కుదిరారు.

శేషగిరి వైపు నుంచి

1919లో ఆయనకి పెళ్ళయింది. భార్య శేషగిరి, అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి అమ్మాయి. అమెరికా చదువుకి మామగారు కొంత సాయం చేశారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ కొంత ఇస్తామంది. ఆ తర్వాత సుబ్బారావుగారు బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో ఉష్ణదేశపు జబ్బుల చదువులో చేరారు.

ఆయన వెళ్ళాక ఇక్కడ కొడుకు పుట్టాడు. ఏడాది తిరక్కముందే పోయాడు. తండ్రి ఆ బిడ్డని ఎత్తుకోలేదు, చూడనైనా లేదు. సుబ్బారావుగారి మీద రాసేవాళ్ళు ఈ ముక్క ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం దాటబుద్ధి కాదు. ఆ రోజుల్లో ఉత్తరం సముద్రం దాటి చేరడానికి వారాలు పట్టేది. బిడ్డ పుట్టిన కబురూ పోయిన కబురూ ఎంత ఎడంతో అందాయో, ఆ గదిలో ఒంటరిగా ఎలా చదువుకున్నారో మనం ఊహించుకోవలసిందే. అంతకంటే ఊహకందనిది శేషగిరిగారి సంగతి. ఆయన డబ్బు పంపేవారు, ఉత్తరాలు రాసేవారు. తిరిగి మాత్రం రాలేదు. ఆవిడ ఇక్కడే ఉండిపోయింది. గొప్పవాళ్ళ జీవితాల్లో లెక్కకు రాని ఖర్చు ఇలాంటివాళ్ళదే.

బోస్టన్‌లో స్కాలర్‌షిప్ లేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని దొరికింది. రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి కడగడం లాంటి పనులు. పగలు చదువు, రాత్రి ఈ చాకిరీ. తర్వాత సైరస్ ఫిస్కే దగ్గర బయోకెమిస్ట్రీలో చేరి, నెత్తురులోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతిని 1925లో ఇద్దరూ కలిసి అచ్చులోకి తెచ్చారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటారు. కండరం పని చెయ్యడానికి కావలసిన ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అనే పదార్థాల మీద చేసిన పని కూడా అప్పటిదే. 1930లో పిహెచ్.డి. వచ్చింది. హార్వర్డ్‌లో పక్కా ఉద్యోగం మాత్రం రాలేదు.

కాలేయంలో ఏముంది?

అదే బోస్టన్‌లో 1926లో మినోట్, మర్ఫీ అనే ఇద్దరు డాక్టర్లు ఓ సంగతి రుజువు చేశారు. పెర్నిషియస్ ఎనీమియా అనే ప్రాణాంతకమైన రక్తహీనత ఉన్నవాళ్ళకి రోజూ బోలెడంత కాలేయం తినిపిస్తే లేచి తిరుగుతున్నారు. అంతకుముందు కుక్కల మీద పరీక్షలు చేసి దారి చూపిన విపుల్‌తో కలిపి ఈ ముగ్గురికీ 1934లో నోబెల్ బహుమతి వచ్చింది. మరి ఆ కాలేయంలో ఉన్న పదార్థమేమిటి? సుబ్బారావుగారు ఆ ప్రశ్న పట్టుకున్నారు.

ఇంకో కొస మన దేశంలోనే ఉంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల రక్తహీనతని పరిశీలించింది. నెలలు నిండుతున్న కొద్దీ పాలిపోయి, కొందరు కాన్పులోనే పోయేవారు. వాళ్ళకి ఈస్ట్ నుంచి తీసిన మార్మైట్ అనే చవక పదార్థం పెడితే నెత్తురు పట్టింది. శుద్ధి చేసిన కాలేయపు మందుకి లొంగని జబ్బు దీనికి లొంగింది. అంటే కాలేయంలోనూ ఈస్ట్‌లోనూ ఉన్న వేరే పదార్థం ఏదో ఉంది. దానికి చాలా ఏళ్ళు విల్స్ ఫ్యాక్టర్ అనే పేరే ఉండేది. 1941లో అమెరికాలో కొందరు శాస్త్రవేత్తలు పాలకూర జాతి ఆకు నాలుగు టన్నులు పిండి, అందులోంచి ఓ పదార్థం తీశారు. ఆకులోంచి వచ్చింది కాబట్టి లాటిన్లో ఆకు అనే మాటని బట్టి ఫోలిక్ యాసిడ్ అన్నారు. అదీ ఇదీ ఒకటేనని తర్వాత తేలింది.

టన్నుల కొద్దీ ఆకు పిండితే చిటికెడు వచ్చే మందు ఎవరికి సరిపోతుంది? ఫ్యాక్టరీలో తయారు కావాలి. 1940లో న్యూయార్క్ దగ్గరి పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే కంపెనీకి వెళ్ళిన సుబ్బారావుగారు అక్కడ రీసెర్చి డైరెక్టరయ్యారు. ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ని రసాయనాలతో తయారు చెయ్యగలిగింది. ఆ వెంటనే టామ్ స్పైస్ అనే డాక్టరు క్యూబా వైపు స్ప్రూ రోగులకి ఆ మందిచ్చి చూశాడు. మంచం పట్టినవాళ్ళకి ఆకలి పుట్టింది, నాలుక పూత మానింది, నెత్తురు పెరిగింది. పురుషోత్తం, కృష్ణమూర్తి పోయిన జబ్బు అది! వాళ్ళ సోదరుడు పని చేయించిన చోటు నుంచే దానికి మందు బయటికొచ్చింది.

ఇక పసిపిల్లల మాట

1946లో అమెరికాలోని డెట్రాయిట్ నుంచి జ్యూల్జర్, ఆగ్డెన్ అనే ఇద్దరు డాక్టర్లు కొందరు పసిపిల్లల రక్తహీనత గురించి రాశారు. ఐరన్ ఇస్తే తగ్గని జబ్బు. చాలామంది డబ్బాపాల మీదో, మేకపాల మీదో పెరుగుతున్నవాళ్ళు. ఫోలిక్ యాసిడ్ ఇచ్చేసరికి కొద్ది రోజుల్లోనే తేరుకున్నారు. యూరపులో అంతకు చాలాకాలం ముందు నుంచీ మేకపాల రక్తహీనత అని ఓ జబ్బుకి పేరే ఉంది. కారణం ఇప్పుడు దొరికింది. మేకపాలలో ఫోలిక్ యాసిడ్ ఆవుపాలలో ఉన్నదానిలో అయిదో వంతు కూడా ఉండదు. మేకపాలు తేలిగ్గా అరుగుతాయని పసివాళ్ళకి పట్టడం మన పల్లెల్లోనూ ఉన్న అలవాటే. ఆవుపాలలో, గేదెపాలలో ఉన్న కాస్తా కూడా మనం మూడుపూటలా మరిగించి మరిగించి పోగొడతాం. ఫోలిక్ యాసిడ్‌కి వేడి పడదు. పాలు కాచకుండా పట్టమని కాదు, కాచి తీరాల్సిందే. ఒకసారి కాచి చల్లార్చినవి చాలు.

ఇప్పుడు ఐరన్ సంగతి. పసివాళ్ళ రక్తహీనతలో దానిదే పెద్ద వాటా. సుబ్బారావుగారు పట్టుకున్నది ఇంకో లోటు, ఇది వేరు. తేడా తెలియాలంటే ఇడ్లీలు తలుచుకోండి. పిండి తక్కువైతే ప్లేటులో గుంటలన్నీ ఉన్నా ఇడ్లీలు చిన్నగా వస్తాయి. ఐరన్ తక్కువైతే రక్తకణాలు అలాగే చిన్నగా, రంగు లేకుండా ఉంటాయి. పిండి ఉండి గుంటలు లేవనుకోండి, ఉన్న రెండు గుంటల్లోనే అంతా పోస్తే పెద్ద పెద్ద ఇడ్లీలు రెండే వస్తాయి. ఫోలిక్ యాసిడ్ లేకపోతే కణం రెండుగా చీలలేదు. పెద్దవి, కొద్దివి తయారవుతాయి. డాక్టరు మైక్రోస్కోపు కింద చూసేది ఈ తేడానే.

పసిపిల్లల్లో ఐరన్ లోటు సంగతి గట్టిగా పట్టుకున్నది కూడా ఓ ఆడమనిషే. హెలెన్ మెకై అని లండన్‌లో పిల్లల డాక్టరు. 1920లలో ఈస్ట్ లండన్ పేదవాడలో, క్వీన్స్ చిల్డ్రన్స్ ఆసుపత్రికొచ్చే పసివాళ్ళ వేళ్ళలోంచి చుక్కా చుక్కా నెత్తురు తీసి నెలనెలా కొలిచింది. తల్లిపాలు తాగేవాళ్ళ కంటే సీసాపాలు తాగేవాళ్ళకి నెత్తురు తక్కువ. ఆ పాలకి ఐరన్ కలిపి పడితే నెత్తురు పెరగడమే కాదు, దగ్గూ జలుబూ విరేచనాలూ కూడా బాగా తగ్గాయి. 1928లోనూ 1931లోనూ ఇవన్నీ అచ్చయ్యాయి. 1934లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌కి మొట్టమొదటి మహిళా ఫెలో ఆవిడే. ఆవిడ పేరు మన దగ్గర ఎవరూ తలుచుకోరు. అందుకే ఇక్కడ ఇంతసేపు ఆగాను.

సీసాపాలతో ఎందుకలా? లీటరు ఆవుపాలలో ఐరన్ అర మిల్లీగ్రాము మించదు. గేదెపాలలోనూ అంతంతమాత్రమే. తల్లిపాలలోనూ ఎక్కువేం లేదు, ఇంకా తక్కువే. కాకపోతే తల్లిపాలలోది బిడ్డకి వంటబడుతుంది. సగం దాకా పడుతుందని పాత లెక్క. తర్వాతి పరీక్షల్లో అంత లేదని తేలినా, ఆవుపాలతో పోలిస్తే మెరుగే. ఆవుపాలలోది పదో వంతు పట్టడమే కష్టం. అందులోని కాల్షియం, ప్రొటీన్ దానికి అడ్డం పడతాయి. పైగా ఏడాది నిండని పసివాళ్ళ పేగుల్లో ఆవుపాలు కంటికి కనిపించనంత నెత్తురు ఊరేలా చెయ్యొచ్చు. ఇచ్చేది కొంచెం, తీసుకుపోయేది కొంచెం. మూడోది, పాలతో కడుపు నిండిన పిల్ల అన్నం తినదు. లీటరు పాలు తాగే ఏడాదిన్నర పిల్లాడు పప్పూ ఆకుకూరా ఎందుకు ముట్టుకుంటాడు?

నెలలు నిండి పుట్టిన బిడ్డ తల్లి కడుపులోంచే కొంత ఐరన్ మూటగట్టుకుని వస్తుంది. ఆరో నెల వరకూ చాలామందికి అది చాలుతుంది. ఆ తర్వాత మూట ఖాళీ. మన అన్నప్రాశన ఆరో నెలలోనే పెట్టారంటే పెద్దవాళ్ళు లెక్క కట్టే పెట్టారనిపిస్తుంది. చిక్కేమిటంటే ఆ రోజు పాయసం నాకించి ఫోటో తీయించుకుని, మర్నాటి నుంచి మళ్ళీ పాలే. ఎనిమిదో నెలలో చారునీళ్ళ అన్నం, ఏడాదికి పెరుగన్నం. వీటిలో ఐరన్ ఏదీ? ఆరో నెల దాటాక మెత్తగా మెదిపిన పప్పు, తోటకూర, రాగిజావ, తినేవాళ్ళయితే గుడ్డు, ఉడికించి మెదిపిన కాలేయం ఒక్కొక్కటే అలవాటు చెయ్యాలి. పప్పులో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే అందులోని ఐరన్ ఇంకా బాగా పడుతుంది. టీ పొడి నీళ్ళు తాకినా ఎదురు. బెల్లం పెడితే రక్తం పడుతుందని చాలామంది నమ్మకం. బెల్లంలో కొంత ఉన్న మాట నిజమే కానీ, పసివాడు తినగలిగేంత బెల్లంతో తీరే లోటు కాదిది.

డబ్బాపాల సంగతీ చెప్పాలి. ఈ కాలపు డబ్బాల్లో ఐరన్ కలిపే ఉంటుంది. తల్లిపాలు కుదరని బిడ్డకి డాక్టరు చెప్పినట్టు, కొలత ప్రకారం కలిపితే ఆ లోటు రాదు. ధర చూసి రెండు చెంచాల బదులు ఒకటి వేసి నీళ్ళు పోస్తేనే తంటా. తల్లి మానేసి డబ్బా పట్టమని ఊదరగొట్టే ప్రకటనల్ని మన దేశంలో 1992 చట్టం నిషేధించింది. తల్లికి రక్తం తక్కువైతే పాలలోనూ ఐరన్ ఉండదేమోనని కొందరు పాలే మాన్పించేస్తారు. అలా చెయ్యకూడదు. తల్లి పాలలో ఐరన్ అంతగా తగ్గదు. ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు రక్తం మరీ తగ్గితే మాత్రం బిడ్డ తెచ్చుకునే మూట చిన్నదవుతుంది. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళ మూటా చిన్నదే. వాళ్ళకి ఆరో నెల దాకా ఆగకుండా ముందే చుక్కలు మొదలెట్టాలి, ఎప్పుడో ఎంతో డాక్టరే చెప్పాలి. కాన్పు అవగానే బొడ్డుతాడు నిమిషమైనా ఆగి కోస్తే, మాయలోని నెత్తురు ఇంకొంచెం బిడ్డకి చేరి ఆ మూట పెద్దదవుతుంది. ఖర్చు లేని పని.

శాకాహారుల ఇళ్ళకి ఇంకో మాట. 1962లో వేలూరు డాక్టర్లు, తల్లిపాల మీదే పెరుగుతున్న కొందరు పసివాళ్ళలో బి12 విటమిన్ లోటు కనిపెట్టారు. పిల్లలు మందకొడిగా అయిపోయి చేతులు వణికేవి. తల్లుల్లోనే ఆ విటమిన్ లేదు. ఐరన్‌లా కాదు, తల్లికి లేకపోతే పాలలోనూ ఉండదు. పెరుగూ పాలూ కూడా తగినంత తినని శాకాహారి బాలింత డాక్టర్ని అడగాల్సిన సంగతిది.

ఆఖరి రోజులు

ఈ బి12 కోసమే సుబ్బారావుగారు కాలేయాన్ని ఏళ్ళ తరబడి జల్లెడ పట్టారు. పెర్నిషియస్ ఎనీమియాని నయం చేసే అసలు పదార్థం అదే. 1948లో అది దొరికింది, వేరేవాళ్ళ చేతికి. ఆయన వెతికిందొకటి, దొరికింది ఇంకొకటి. దొరికినదేమీ తక్కువది కాదు.

ఆ ఫోలిక్ యాసిడే ఇంకో దారి కూడా చూపింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సరు వచ్చిన పిల్లలకి ఫోలిక్ యాసిడ్ రకం మందులిస్తే జబ్బు ఇంకా ఎగదోసినట్టయింది. కణాలు పెరగడానికి అది ఎరువైతే, దాన్ని అడ్డుకునే మందుతో క్యాన్సరు కణాల్ని ఆపొచ్చు కదా అనుకున్నాడు. అలాంటి మందు, అమినోప్టెరిన్, సుబ్బారావుగారి బృందమే తయారు చేసి ఇచ్చింది. 1948లో కొందరు పిల్లలకి తాత్కాలికంగానైనా జబ్బు వెనక్కి తగ్గింది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుతున్నారు. బోదకాలుకి ఇచ్చే డి.ఇ.సి. మాత్ర, ఆరియోమైసిన్ యాంటీబయాటిక్ కూడా ఆయన లెడర్లేలో ఉన్న రోజులవే. మన గోదావరి, కృష్ణా జిల్లాల్లో బోదకాలు ఎంత బాధ పెట్టిందో పెద్దవాళ్ళనడగండి.

పేరు ముందు పెట్టించుకోవడం ఆయనకి చేతకాలేదు. చాలా పేపర్లలో కింద పనిచేసినవాళ్ళ పేర్లే ఉంటాయి. 1948 ఆగస్టులో, యాభైమూడేళ్ళ వయసులో, నిద్రలోనే గుండె ఆగి పోయారు. పక్కన అయినవాళ్ళెవరూ లేరు. దేశానికి స్వతంత్రం వచ్చి ఏడాది కావస్తోంది. ఆ దేశాన్ని ఆయన మళ్ళీ చూడలేదు. 1995లో నూరేళ్ళ పండక్కి మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

మన దేశంలో ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిపిన మాత్రలు గర్భిణులకీ పిల్లలకీ ఇచ్చే పథకం 1970లో మొదలైంది. అయినా 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో దేశం మొత్తం మీద నూటికి 67 మందికి, ఆంధ్రప్రదేశ్‌లో 63 మందికి రక్తం తక్కువని తేలింది. ఇందులో ఐరన్ లోటు ఒక్కటే కాదు, నులిపురుగులు, తరచూ వచ్చే జ్వరాలు, విరేచనాలు కూడా ఉన్నాయి. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం కింద ఈ వయసు పిల్లలకి వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు సిరప్ వెయ్యాలి. ఆ మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాముల ఐరన్, 100 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఆశా కార్యకర్త ఇచ్చే ఆ సీసా చాలా ఇళ్ళలో మూత తియ్యకుండా గూట్లోనే ఉండిపోతుంది. ఒకసారి వేశాక పిల్లకి విరేచనం నల్లగా అయిందని కంగారుపడి ఆపేస్తారు. ఐరన్ వేస్తే నల్లగానే అవుతుంది, దానికి భయం లేదు. పాలతో కలిపి మాత్రం వెయ్యొద్దు. జ్వరంగా ఉన్నప్పుడు ఆపి, తగ్గాక మళ్ళీ మొదలెట్టొచ్చు. సీసా పిల్లల చేతికి అందని చోట పెట్టండి. తియ్యగా ఉందని ఒక్కసారిగా తాగేస్తే అదే విషమవుతుంది.